మోడం పనితనం

మే నెల. మధ్యాహ్నం రెండు దాటింది. కృష్ణగిరి నుంచి హోసూరుకు పోయే పెద్ద రోడ్డు మీద గురుబరపల్లిలో బస్సు దిగి, వేపనపల్లి దారి పట్టి కాస్త దూరం నడిచాను. చుట్టూ మామిడి తోపులే. బెంగళూరా కాయలు గుత్తులు గుత్తులుగా కొమ్మల్ని కిందికి లాగుతున్నాయి. ఆకు కదలడం లేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. తలెత్తి చూస్తే తెల్లబారిన ఆకాశం తప్ప ఏమీ లేదు.

తోపు కాపలా ఉండే పెద్దాయన మంచం మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"తాతా, ఈ పొద్దు వానొస్తుందా?" అన్నాను.

"వస్తుంది నాయనా. గాలి బిగబట్టింది చూడు. ఊపిరాడితే రాదు."

ఐదున్నరకల్లా వచ్చింది. గాలికి కొమ్మలు విరిగాయి, కాయలు రాలాయి, రోడ్డు మీద లారీలు లైట్లు వేసుకుని నిలబడిపోయాయి. ఆరున్నరకు చుక్క లేదు. పడమట ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఏమీ లేని ఆకాశంలో నాలుగున్నర గంటల్లో అంత పెద్ద కట్టడం లేచి, పనిచేసి, విడిపోయింది. ఎన్నేళ్ళుగా చూస్తున్నా ఆ పని జరిగే తీరు తెలిసిన కొద్దీ నాకు దాని మీద గౌరవం పెరుగుతూనే ఉంది.

మా వైపు మబ్బును మోడం అంటాం. వాన మోడానికి కావలసిన సరుకులు మూడే: కింద తేమ, ఆ తేమను పైకి నడిపించే వేడి, మొదట్లో ఒక చిన్న దన్ను. మూడూ ఒకే చోట కలవాలి. కృష్ణగిరి, హోసూరు నడిమి నేల ఆ కలయికకు బాగా అనువైనది.

తేమ బంగాళాఖాతం నుంచి వస్తుంది. ఎండాకాలంలో తూర్పు, ఆగ్నేయ గాలులు తీరం దాటి లోపలికి తడిని మోసుకొస్తాయి. పడమటి నుంచీ, వాయవ్యం నుంచీ దక్కను నేల మీదుగా కాలిన పొడిగాలి వస్తుంది. చైత్ర వైశాఖాల్లో ఈ రెండు గాలులూ ఎదురుపడే గీత ఒకటి మహారాష్ట్ర లోపలి భాగం నుంచి కర్ణాటక మీదుగా దక్షిణ తమిళనాడు దాకా సాగుతుంది. వాతావరణ శాఖ బులెటిన్లలో ద్రోణి అని రోజూ చదివేది దీని గురించే. గాలులు ఎదురుపడిన చోట గాలి పోగవుతుంది. పోగైన గాలికి పక్కలకు దారి ఉండదు, పైకి లేస్తుంది.

ఇక నేల ఇచ్చే దన్ను. కృష్ణగిరి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తు, హోసూరు సుమారు 900 మీటర్లు. పాత సేలం జిల్లా లెక్కల్లో కిందిది బారామహల్, పైది బాలాఘాట్. ఈ రెండింటి మధ్య మెట్టును శూలగిరి దగ్గర బస్సు ఎక్కుతుంటే ఇంజిన్ గొంతు మారడంలోనే తెలుసుకోవచ్చు. తూర్పు నుంచి వచ్చిన తడిగాలి ఈ మెట్టు ఎక్కాలి. ఎండకు కాలిన గుట్టల రాతి వాలు తన మీది గాలిని వేడిచేసి పైకి తోస్తుంది. గుండ్లు తేలిన గుట్ట తోపు కన్నా ముందు వేడెక్కుతుంది, చెరువు నీళ్ళు అన్నిటికన్నా ఆలస్యంగా వేడెక్కుతాయి. పక్కపక్కనే ఉన్న నేలల మధ్య ఈ తేడా ఉంది కాబట్టే గాలి ఒకేసారి పరుపులా లేవదు. ఉడుకుతున్న గంజిలో బుడగల్లా, ఒక్కో చోట ఒక్కో ముద్దగా లేస్తుంది.

మరి మధ్యాహ్నం రెండింటికి ఆకాశంలో ఏమీ ఎందుకు లేదు? తాత చెప్పిన బిగబట్టడంలో జవాబుంది. కింద తడిగాలి ఉన్న రోజున కూడా ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి పొడి వేడిగాలి పొరలా పరుచుకుని ఉంటుంది. కింది నుంచి లేచిన ముద్ద ఆ పొరను తాకగానే తన చుట్టూ ఉన్న గాలి తనకన్నా వేడిగా, తేలిగ్గా ఉండడం వల్ల ఆగిపోతుంది. పొంగలి కుండ మీద మూత పెట్టినట్టు. మూత లేకపోతే ఉదయం పది గంటల నుంచే చిన్న చిన్న మబ్బులు పుట్టి, ఉన్న తేమనంతా కొంచెం కొంచెంగా వాడేసి చెదిరిపోయేవి. మూత ఉండడం వల్ల తడీ వేడీ కింద పోగుపడుతూ పోతాయి. మనకు ఉక్కపోత. మూడు, నాలుగు గంటలకు ఎక్కడో ఒక గుట్ట మీది గాలి ముద్ద మూతను దాటేంత వేడెక్కుతుంది. ఒక్క చోట దారి పడితే చాలు, పొద్దుటి నుంచి దాచినదంతా ఆ దారినే పైకి పోతుంది. పెద్ద మోడం కట్టే రోజుకు ఈ ఓపికే పునాది.

లేచిన గాలి ముద్దను వెంబడిద్దాం. పైకి పోయే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ముద్ద వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడానికి తన వేడినే ఖర్చు చేస్తుంది. ప్రతి కిలోమీటరుకూ దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. ఆవిరి నీరు కానంత వరకూ ఈ లెక్క ఎక్కడైనా మారదు. నేల దగ్గర వేడి 37 డిగ్రీలు, తేమ మంచు బిందువుగా మారే ఉష్ణోగ్రత 21 డిగ్రీలు అనుకుందాం. రెంటికీ తేడా 16. ఒక్కో డిగ్రీకి సుమారు 125 మీటర్లు లెక్క వేస్తే, నేలకు రెండు కిలోమీటర్ల ఎత్తున ఆ ముద్దలోని ఆవిరి నీటి తుంపరలుగా మారడం మొదలవుతుంది. అక్కడి నుంచే మోడం కంటికి కనబడుతుంది.

ఎండాకాలపు మోడం అడుగు చూడండి. గీత గీసినట్టు సమంగా ఉంటుంది. పక్క మోడం అడుగూ అదే ఎత్తు. ఆకారం లేని గాలికి ఇంత కచ్చితమైన అంచు ఎవరు కట్టారనిపిస్తుంది. ఆ పరిసరాల్లో నేల మీది గాలికి వేడీ తేమా దాదాపు ఒకటే కనుక అన్ని ముద్దలూ ఒకే ఎత్తున తెల్లబడతాయి. మోడం అడుగును చూడడమంటే, ఆ పూట నేల మీద ఎంత వేడి ఉందో, గాలిలో ఎంత తడి ఉందో కొలబద్ద మీద చదవడమే. వానాకాలంలో గాలి తడిగా ఉంటుంది కాబట్టి ఆ గీత కిందికి దిగి గుట్టల తలల్ని ముట్టుకుంటుంది.

ఆవిరి నీరవడానికి ఊతం కావాలి. గాలిలో తేలే సన్నని దుమ్ము, సముద్రపు ఉప్పు రేణువు, పొగ నలుసు ఆ ఊతం. ప్రతి నలుసు చుట్టూ ఒక తుంపర చేరుతుంది. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో 50వ వంతు. అది సెకనుకు సెంటీమీటరు చొప్పున మాత్రమే కిందికి జారుతుంది. కింది నుంచి గాలి దానికి ఎన్నో రెట్లు వేగంతో లేస్తుంటుంది కాబట్టి తుంపర కింద పడే ప్రశ్నే లేదు.

ఇక్కడే ఈ పనితనం అంతటికీ మూలమైన సంగతి జరుగుతుంది. ఇడ్లీ గిన్నె మూత తీసేటప్పుడు ఆవిరి చేతికి తగిలితే మరుగుతున్న నీళ్ళు పడినదానికన్నా ఎక్కువ కాలుతుంది. ఆవిరి చర్మం మీద నీరుగా మారుతూ, తాను ఆవిరి కావడానికి పుచ్చుకున్న వేడినంతా అక్కడే వదిలేస్తుంది. బడి పుస్తకాల్లో దీన్ని గుప్తోష్ణం అంటారు. మోడంలోనూ అదే. కిలో ఆవిరి నీరైతే సుమారు 25 లక్షల జౌళ్ళ వేడి చుట్టూ ఉన్న గాలికి చేరుతుంది. దాంతో ఆ ముద్ద కిలోమీటరుకు 10 డిగ్రీలు చల్లబడవలసింది, ఐదారు డిగ్రీలే చల్లబడుతుంది. తన చుట్టూ ఉన్న గాలి కన్నా ప్రతి అడుగులోనూ వెచ్చగా ఉండిపోతుంది. వెచ్చగా ఉన్నది లేస్తుంది. లేస్తే మరింత ఆవిరి నీరవుతుంది. నీరైతే మరింత వేడి. పొయ్యి కింద లేదు, ఎక్కే దారి పొడుగునా ప్రతి తుంపరా ఒక నిప్పురవ్వే.

నాలుగు గంటలకు పడమట, దేంకణికోట దిక్కున, మోడం తలను గమనిస్తే ఈ పని కంటికే తెలుస్తుంది. కాలీఫ్లవరులా గడ్డలు గడ్డలుగా ఉబుకుతుంటుంది. ఒక గడ్డను గురిపెట్టి రెండు నిమిషాలు చూడండి. లోపలి నుంచి బయటికి తిరగబడుతూ పెరుగుతుంది. పక్కన పొడిగాలి తగిలిన గడ్డ అంచులు చెదిరి కరిగిపోతాయి. ఆ కరిగిన చోటే తేమ మిగులుతుంది, దాని వెనక లేచే గడ్డకు పొడిగాలి బాధ తక్కువ. ముందు వెళ్ళినవి కరిగిపోతూ వెనక వచ్చేవాటికి దారి తడుపుతాయి. అందుకే మొదటి మోడాలు నిలవవు, మూడోదో నాలుగోదో నిలబడుతుంది.

ఆవిరి నీరవుతూ వదిలే ఆ శక్తి ఎంతో ఒకసారి లెక్క కడదాం. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు నేల మీద 30 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. అది 30 లక్షల టన్నుల నీరు. అంత నీరు ఆవిరి నుంచి మారేటప్పుడు వదిలిన వేడి కరెంటు బిల్లు భాషలో 200 కోట్ల యూనిట్లకు పైమాట. ఒక్క సాయంత్రం, ఒక్క వాన.

మే నెలలో మా మీద ఐదు కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నా. అక్కడికి చేరిన తుంపరలు గడ్డకట్టాలి కదా? కట్టవు. నీరు మంచు కావాలంటే మొదలుపెట్టడానికి తగిన నలుసు కావాలి, అలాంటి నలుసులు అరుదు. మైనస్ 10 దగ్గరా, మైనస్ 20 దగ్గరా కూడా కోట్ల తుంపరలు నీరుగానే తేలుతుంటాయి. దాదాపు మైనస్ 40 చేరితేనే ఊతం లేకుండా తమంతట తామే గడ్డకడతాయి. ఈ మధ్య ఎత్తుల్లో మంచు పలుకులూ, గడ్డకట్టని నీటి తుంపరలూ కలిసి ఉంటాయి. ఆ చలిలో ఆవిరి నీటి కన్నా మంచు మీదికే తొందరగా చేరుతుంది. మంచు పలుకు పెరుగుతుంది, తుంపరలు తరుగుతాయి. పెరిగిన పలుకు బరువెక్కి జారుతూ దారిలో తుంపరలను గుద్దుకుంటుంది. తగిలిన తుంపర అక్కడికక్కడే గడ్డకట్టి అతుక్కుంటుంది. అలా సగ్గుబియ్యం గింజలాంటి తెల్లని మెత్తటి మంచు పూస తయారవుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని గ్రాపెల్ అంటారు. అది సున్నా గీత దాటి కిందికొస్తే కరిగి వాన చినుకవుతుంది. రెండు మిల్లీమీటర్ల చినుకు ఒకటి తయారు కావడానికి పది లక్షల మోడం తుంపరలు కలవాలి. ఎండాకాలంలో ముందు పడే ఆ లావు చినుకులు, దుమ్ములో రూపాయి బిళ్ళంత గుంట చేసేవి, చాలామటుకు పైన మంచు పూసలే.

కింది నుంచి లేచే గాలి బలంగా ఉంటే పూస కిందికి రాలేదు. చలి ఎత్తుల్లోనే తచ్చాడుతూ వడగల్లుగా పెరుగుతుంది. రాళ్ళవాన పడిన రోజు ఒక పెద్ద రాయిని తీసుకుని కత్తితో రెండుగా చీల్చి చూడండి. ఉల్లిగడ్డలో పొరల్లా ఒకటి పాలలా తెల్లగా, ఒకటి గాజులా తేటగా కనిపిస్తాయి. తుంపరలు తక్కువగా, చలి ఎక్కువగా ఉన్న చోట తగిలిన ప్రతి తుంపరా వెంటనే గడ్డకట్టి, మధ్యలో గాలి బుడగలు చిక్కుకుంటాయి. అది తెల్ల పొర. నీరు దండిగా ఉన్న చోట తుంపరలు ఒక్కసారిగా గడ్డకట్టలేక రాయి ఒళ్ళంతా తడిగా పారి, బుడగలు తప్పించుకున్నాక నిదానంగా గట్టిపడతాయి. అది తేట పొర. ఆ రాయి మోడంలో ఎక్కడెక్కడ తిరిగిందో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. అరచేతిలో కరిగిపోయేలోగా చదువుకోవాలి.

మెరుపు పుట్టేది కూడా ఈ మంచు పూసల దగ్గరే. చిన్న మంచు పలుకులు గాలితో పాటు పైకి పోతుంటాయి. పూసలు బరువుతో వెనకబడతాయి. రెండూ ఒకదాన్నొకటి రాసుకుని విడిపోతాయి. తగిలిన ప్రతిసారీ కాస్త విద్యుదావేశం ఒకదాని నుంచి మరొకదానికి చేతులు మారుతుంది. మైనస్ 15 కన్నా చల్లని చోట పూసకు రుణావేశం, పలుకుకు ధనావేశం. తేలికైన పలుకులు మోడం తల దాకా వెళ్ళి అక్కడ ధనావేశాన్ని పోగుచేస్తాయి. పూసలు నడుమ రుణావేశాన్ని నింపుతాయి. జపాన్ శాస్త్రవేత్త త్సుతోము తకహాషి 1978లో ప్రయోగశాలలో ఈ రాపిడిని చేసి, ఉష్ణోగ్రతతో పాటు ఆవేశం గుర్తు ఎలా తారుమారవుతుందో కొలిచి చూపాడు.

మోడంలో ఏ ఆవేశం ఎక్కడుందో తేల్చడంలో మన దేశపు వానకూ పాత్ర ఉంది. జార్జ్ సింప్సన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1906లో భారత వాతావరణ శాఖలో చేరి సిమ్లాలో పనిచేశాడు. అక్కడి వాన చినుకులు మోసుకొచ్చే ఆవేశాన్ని కొలిచి, అందులో ధనావేశమే ఎక్కువని చూశాడు. దాంతో మోడం అడుగున ధనావేశం ఉందన్నాడు. సి.టి.ఆర్. విల్సన్ అనే మరో శాస్త్రవేత్త దానికి ఎదురు చెప్పాడు: పైన ధనం, కింద రుణం అని. వాదం ఏళ్ళ తరబడి సాగింది. చివరకు సింప్సనే తన సహచరుడు స్క్రేజ్‌తో కలిసి ఒక పరికరం చేసి బెలూన్లకు కట్టి మోడాల్లోకి పంపాడు. గడియారంతో తిరిగే బిళ్ళ, దాని మీద విద్యుత్తు పారే దిక్కును బట్టి మరక పడే కాగితం. అంతే ఆ పరికరం. 1937లో ఫలితం ప్రకటించారు: తల మీద ధనం, నడుమ రుణం, అట్టడుగున వాన పడే చోట చిన్న ధనపు మూట. విల్సన్ మాట పెద్ద లెక్కలో నిజం. సింప్సన్ సిమ్లాలో పట్టుకున్నది ఆ అడుగు మూటనే. తాను పొరబడ్డ చోటును తన చేతి పరికరంతోనే తేల్చుకున్న ఆ మనిషి మీద నాకు చాలా గౌరవం.

ఆ ఆవేశం ఎంత దాకా పోగవుతుందో మనకు దగ్గరలోనే, ఊటీలో కొలిచారు. టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి గ్రేప్స్-3 ప్రయోగశాలలో అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల పుట్టే మ్యూయాన్ కణాలను పగలూ రాత్రీ లెక్కపెడతారు. పైన మోడంలో విద్యుత్తు ఉంటే కిందికి చేరే మ్యూయాన్ల లెక్క మారుతుంది. 2014 డిసెంబర్ 1న ఒక మోడం దాటిపోతుండగా ఆ లెక్క 18 నిమిషాల పాటు తగ్గింది. తగ్గిన వాటాను బట్టి ఆ మోడంలో 130 కోట్ల వోల్టులు ఉన్నాయని తేల్చి 2019లో ప్రచురించారు. మోడంలోకి ఏమీ పంపకుండా, దాని గుండా వచ్చిన కణాలను కింద కూర్చుని లెక్కపెట్టి తెలుసుకున్నారు.

ఇంత ఒత్తిడి ఉన్నా మెరుపు ఒక్క దూకులో నేలకు రాదు. దక్షిణాఫ్రికాలో బేసిల్ షాన్‌లాండ్ 1930లలో కదిలే కటకాల కెమెరాతో మెరుపులను ఫొటోలు తీసి ఈ సంగతి బయటపెట్టాడు. ముందుగా మోడం నుంచి మసక వెలుగు దారి ఒకటి 50 మీటర్ల చొప్పున మెట్లు మెట్లుగా దిగుతుంది. ప్రతి మెట్టు దగ్గరా సెకనులో లక్షల వంతుల్లో లెక్కించే చిన్న విరామం. తర్వాతి మెట్టుకు దారి వెతుక్కుంటూ కొమ్మలుగా చీలుతుంది. మొత్తం దిగడానికి సెకనులో 50వ వంతు అటూ ఇటుగా పడుతుంది. అది నేలకు దగ్గరపడగానే చెట్టు కొన నుంచో, గుట్ట మీది గుండు నుంచో, నిలబడిన మనిషి తల నుంచో ఎదురు పాయలు పైకి లేస్తాయి. వాటిలో ఒకటి పైదాన్ని అందుకుంటుంది. అందుకున్న క్షణంలో కాంతి కింది నుంచి పైకి, కాంతివేగంలో మూడో వంతు వేగంతో ఆ దారినంతా వెలిగిస్తూ పోతుంది. మనం మెరుపని చూసేది దీన్నే. దాదాపు 30,000 ఆంపియర్లు, దారి లోపల 30,000 డిగ్రీలు. సూర్యుడి ఉపరితలానికి ఐదు రెట్లు. అదే దారిలో మూడు నాలుగు సార్లు ఇలా జరుగుతుంది, అందుకే మెరుపు కంటికి వణికినట్టు కనిపిస్తుంది.

ఆ వేడికి దారిలోని గాలి ఒక్కసారిగా వ్యాకోచించడమే ఉరుము. మెరుపు కొసలు మనకు ఒకే దూరంలో ఉండవు. కింది కొస కిలోమీటరు దూరంలో, పై కొస ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటే మొదటి చప్పుడు మూడు సెకన్లకు, చివరిది 18 సెకన్లకు చెవికి చేరుతుంది. మధ్యలో వంకర తిరిగిన ప్రతి చోటూ తన వంతుకు వినబడుతుంది. మన పెద్దలు అర్జునుడి పేర్లు చదువుతూ కళ్ళు మూసుకునే ఆ దొర్లుడు వెనక ఉన్నది మెరుపు నడిచిన దారి పొడవే.

ఐదు గంటలప్పుడు తాత మంచం లోపలికి లాగి, పడమటికి చెయ్యి చూపాడు. "మోడానికి కాళ్ళు దిగినాయి," అన్నాడు. మోడం అడుగు నుంచి నేలదాకా బూడిదరంగు తెరలు. పైకి లేచే గాలి ఇక మోయలేనంత నీరు కిందికి జారుతోంది. జారే నీరు తనతో గాలినీ లాగుతుంది. దారిలో మోడం కింది పొడిగాలిలో కొంత వాన ఆవిరైపోతుంది. మట్టి కూజాలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇది, ఆవిరయ్యే నీరు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి ఇంకా వేగంగా దిగుతుంది. నేలకు తగిలి నలుదిక్కులా పారుతుంది. చినుకు పడకముందే ముఖానికి తగిలే ఆ చల్లటి విసురు అదే. పది నిమిషాల్లో పది డిగ్రీలు తగ్గించేది, రైతు నోటి దగ్గరి కాయను నేలపాలు చేసేది కూడా అదే.

పైకి లేచే గాలీ, కిందికి దిగే గాలీ పక్కపక్కనే నడిచే ఈ దశలో మోడం తన పూర్తి బలంలో ఉంటుంది. 1946లో ఫ్లోరిడాలో, 1947లో ఓహైయోలో హోరెస్ బయర్స్ ఆధ్వర్యంలో యుద్ధ విమానాలను వేర్వేరు ఎత్తుల్లో ఉరుముల మోడాల్లోకి వెయ్యికి పైగా సార్లు నడిపించారు. ఇప్పుడు మనం బాల్యం, యవ్వనం, వార్ధక్యం అన్నట్టు చెప్పుకునే మూడు దశలు ఆ పైలట్లు ప్రాణాలొడ్డి తెచ్చిన కొలతల నుంచి వచ్చినవే. ఒక్కో మోడం ఆయుష్షు అరగంట నుంచి గంట. చల్లగాలి మోడం కిందంతా పరుచుకుని వెచ్చటి గాలి పైకి వచ్చే దారిని మూసేస్తుంది. మోడం దేనికోసం కట్టుకుందో ఆ వానే దాని పొయ్యిని ఆర్పుతుంది. అయితే అలా పారిన చల్లగాలి అంచు, ఎదురైన వెచ్చగాలి కింద గడ్డపారలా దూరి దాన్ని పైకెత్తుతుంది. పక్క ఊరి మీద కొత్త మోడం లేస్తుంది. మన దగ్గర వాన వెలిశాక కృష్ణగిరి జలాశయం దిక్కున ఉరుములు మొదలయ్యేది ఇలాగే.

మోడం పెద్దదిగా నిలవాలంటే కింద గాలి లోపలికి రావడం ఒక్కటే చాలదు, పైన బయటికి పోయే దారీ కావాలి. ఇది గట్టిగా చూపినవారిలో మన తెలుగువాడు పి. కోటేశ్వరం ఒకరు. తర్వాత వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్ అయిన ఆయన, 1958లో శ్రీనివాసన్‌తో కలిసి బెంగాల్ వేసవి గాలివానల మీద రాసిన వ్యాసంలో, కింద గాలులు కూడే చోటి మీదే పైన గాలులు విడిపోతుంటే ఉరుముల మోడాలు కడతాయని చెప్పారు. ఈ సంగతులన్నీ ఒకే రోజు పెద్ద మేరలో కలిస్తే ఏమవుతుందో 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్ చూసింది. 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. మనుషులు పోయారు.

అశ్విని, భరణి, కృత్తిక కార్తెల్లో ఈ వానలు మాకు కావాలి. భరణి కురిస్తే ధరణి పండుతుందని ఊరికే అనలేదు. కాయ ఊరేది, దుక్కి దున్నేది ఈ తడితోనే. వాటితో పాటు పిడుగూ వస్తుంది. చినుకు పడగానే కోతకూలీలు పరుగెత్తేది మామిడి చెట్టు కిందికే. మెట్ల దారిలో దిగే మెరుపుకు ఎదురు పాయ పంపేది ఆ ఎత్తైన చెట్టే. దాని బోదె నుంచి పక్కనున్న మనిషిలోకీ, వేళ్ళ వెంట నేలలోకీ విద్యుత్తు పాకుతుంది.

కాబట్టి తోపుల్లో పనిచేసేవాళ్ళందరికీ, పనిచేయించేవాళ్ళందరికీ ఒక్క మాట. మెరుపు చూశాక 30 లెక్కపెట్టేలోగా ఉరుము వినబడితే మోడం పది కిలోమీటర్ల లోపే ఉందని లెక్క. చెట్టు కింద నిలబడవద్దు. సిమెంటు ఇంట్లోకో, అద్దాలు మూసిన బస్సులోకో, కారులోకో వెళ్ళండి. పుణే ఉష్ణమండల వాతావరణ సంస్థ ఇచ్చే దామిని యాప్ మేస్త్రీ ఫోన్‌లో ఉంటే ముందే తెలుస్తుంది. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి తోపులోకి రండి. రాలిన కాయలు అక్కడే ఉంటాయి.